పెంచని రెండు జతలు

"ఇంకోసారి చెప్పు సుబ్బన్నా. ఆట ముగిసి ముక్కలు తిప్పినప్పుడు గోవిందయ్య చేతిలో ఏముండాయి?"

"ఎన్ని మార్లు సెప్పాల ఆదిమూలం? రెండు ఆసులు, రెండు పదులు. అయిదోది ఏందో గ్యాపకం లేదు."

"నీ చేతిలో?"

"మూడు ఏడ్లు. ముందు రెండే ఉండె. ముక్కలు మార్సుకున్నాక మూడోది వచ్చినాది. గెలిచినాను. ఆ ఆటకూ ముసిలాయన సావుకూ ఏం సమ్మందమప్పా?"

సంబంధం ఏమిటో నాకూ అప్పటికి తెలియదు. ఏదో ఉందని మాత్రం ముక్కుకు వాసన తగిలింది. నా ముక్కు మీద నాకు నమ్మకం ఎక్కువ. పోలీసు ఉద్యోగం వదిలేసి తిరుపతిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నది ఆ నమ్మకంతోనే.

ఆదివారం మధ్యాహ్నం మునిరామయ్యగారిని ఆయన ఇంట్లోనే మెడకు తువ్వాలు బిగించి చంపేశారు. అదే సమయంలో పక్క గదిలో ఆయన తమ్ముడు గోవిందయ్య ముగ్గురు స్నేహితులతో పేకాడుతున్నాడు. వాళ్ల కోసం బయట జట్కా కట్టుకుని మహబూబ్ బాషా కాచుకుని ఉన్నాడు. ముసలాయన వెండి నశ్యం డబ్బీ ఆ జట్కాలో ఉలవల సంచి అడుగున దొరికింది. బాషా ఇంటి ముందరి తిన్నె దిగి పరుగెత్తడం కళ్లారా చూశానని ఆ ఇంటి వంటవాడు చెంగయ్య చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ సుందరరాజుకు అంతకంటే ఏం కావాలి? పొద్దు గుంకకముందే బాషా చేతులకు బేడీలు పడ్డాయి. ఈ రోజు మధ్యాహ్నం రైలుకు బాషానూ సాక్షినీ కలిపి చిత్తూరు కోర్టుకు తీసుకుపోతున్నాడు. సాక్షి వాంగ్మూలం ఒక్కసారి మేజిస్ట్రేటు ముందు పడిందంటే బాషా మెడకు తాడు సగం బిగిసినట్టే.

బాషా తల్లి గౌసియా బీ సోమవారం వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. ఏడవలేదు. "నా కొడుకు సంపలేదు సామీ. నువ్వు ఈ పనికి ఒప్పుకుంటే ఇంటికి పోతాను, కాదంటే ఈడనే ఉంటాను" అంది. అలాంటి మనిషికి కాదని చెప్పడం నా చేతకాలేదు.

అందుకే తెల్లవారగానే హవల్దార్ సుబ్బన్న ఇంటికి వచ్చాను. అతను యుద్ధానికి ఇటలీ దాకా పోయి, బతికి బట్టకట్టి, ఒక కుంటికాలునూ పోకర్ అనే ఆటనూ వెంట తెచ్చుకున్నాడు. గోవిందయ్య ఇంట్లో ఆ ఆట నేర్పింది ఇతనే. పందేనికి చింతగింజలు వాడతారు. ఆదివారం ఆడిన నలుగురిలో సుబ్బన్న ఒకడు. మిగతా ఇద్దరూ నూలు వ్యాపారి బడే సాహెబ్, నాటువైద్యుడు తిరువేంగడం.

"నాకు ఆట రాదు సుబ్బన్నా. చిన్న పిల్లోడికి చెప్పినట్టు చెప్పు."

"మనిసికి అయిదు ముక్కలు. అవి సూసుకోని ఒక పందెం. ఆమైన పనికిరానివి పారేసి కొత్తవి తీసుకుంటాము. మళ్లా ఒక పందెం. ఉండేది ఎవురు, పారేసేది ఎవురు, అదే ఆట. జత కంటే రెండు జతలు పెద్దవి. రెండు జతల కంటే ఒకే తీరు మూడు పెద్దవి."

"అయితే గోవిందయ్యకు మొదట్లోనే రెండు జతలు వచ్చాయి. నీకు అప్పటికి ఒక జత. అతనిదే పైచెయ్యి. మరి ఎట్లా ఓడిపోయాడు?"

సుబ్బన్న నిటారుగా కూర్చున్నాడు. ఆదివారం నుంచీ అతని కడుపులో ఉన్న మాట అదేనని ముఖం చూస్తే తెలిసిపోయింది.

"నేనూ అదే అనుకుంటాండా. రెండు జతలంటే బలముండే చెయ్యే, కానీ పచ్చి కుండ. ముక్కలు మార్సేదానికి నలుగురినీ ఉండనిస్తివా, ఎవురికో ఒకరికి మూడోది తగుల్తాది, నీ కత ముగిసినట్టే. దానికని మార్సకముందే పందెం గట్టిగా పెంచాల. పెంచితే చిన్న జతలోళ్లు భయపడి పారేసి లేస్తారు. నేనే ఆ పొద్దు రెండు ఏడ్లు పెట్టుకోని పారేద్దామా అనుకుంటాండా. గోవిందయ్య పెంచలేదు. నేను నేర్పినోళ్లలో ఆ సంగతి బాగా తెలిసినోడు ఆయనే. రెండు జతలు వస్తే ఎప్పుడూ మొదుట్లోనే పెంచేస్తాడు. ఆ ఒక్క ఆట ఉలకలేదు, పలకలేదు. మేమంతా ఉండిపోతిమి."

"పారేసిన వాళ్లు ఏం చేస్తారు?"

"లేసి తిన్నె మీదికి పోతారు."

"ఎందుకు?"

"అది ఆ ఇంటి కట్టుబాటు. పారేసినోడు ఆడనే కూచోని పక్కోడి ముక్కల్లోకి తొంగి సూస్తాండాడని ముందొకతూరి సాహెబూ వైద్యుడూ కొట్టుకునేదాకా పోయినారు. మునిరామయ్య వచ్చి, 'పారేసినోళ్లు ఆడ ఉండొద్దు. తిన్నె మీద నా కాడికి రాండి, మజ్జిగ తాగి మాట్లాడుకుందాం' అనె. ఆయనకూ పొద్దుపోవాల కదా. తిన్నె మీదికే ఆయన రూము వాకిలి. మేము ఓడితే ఆయనకు పండగ."

ఆ ముసలాయన ఆదివారం కూడా వాకిలి తెరిచి పెట్టుకుని, ఎవరో ఒకరు ఓడిపోయి తన దగ్గరికి వస్తారని ఎదురుచూస్తూ పడుకుని ఉంటాడు. ఆ ఆటలో ఎవరూ రాలేదు. రాకుండా చేసినవాడు తమ్ముడే.

"ఆ ఆట మొదలయ్యే ముందు ఇంకేమైనా జరిగిందా?"

"ఏమీ లేదే. ముక్కలు పంచతా ఉంటే, గాలికి ఎగిరిపోతాండాయని గోవిందయ్య కేకేసి కిటికీ మూపించినాడు. చెంగయ్య వచ్చి మూసినాడు."

"మే నెల మధ్యాహ్నం గాలా?"

ఆకు కూడా కదలని రోజు అది. విసనకర్రలు పట్టుకుని ఆడారని బడే సాహెబ్ నాకు నిన్ననే చెప్పాడు.

లేచి చెప్పులు వేసుకున్నాను. సుబ్బన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"అప్పా, తొందరపడొద్దు. ఇది కోర్టులో నిలబడే మాట కాదు. రెండు దినాలు ఆగితే ఇంకేమైనా దొరకతాది."

"నువ్వే కదా చెప్పింది, రెండు జతలు పెట్టుకుని ఆగకూడదని. ఇప్పుడు నా చేతిలో ఉన్నదీ అదే. ఆగితే వాళ్లు ముక్కలు మార్చుకుంటారు. చెంగయ్య చిత్తూరులో వాంగ్మూలం ఇచ్చి, అటునుంచి అటే వాళ్ల ఊరు నగరికి పోతాడట. అక్కడి నుంచి మద్రాసు పోతే ఎవడు పట్టుకుంటాడు? పెంచడమంటూ ఉంటే ఇప్పుడే పెంచాలి. పద, సాహెబునూ వైద్యుణ్ణీ కూడా గోవిందయ్య ఇంటికి పిలుచుకుని రా."

*

గోవిందయ్య ఇంటి తిన్నె మీదికి రెండు వాకిళ్లు. ఎడమ పక్కది పేకాట గదిది, కుడి పక్కది మునిరామయ్యగారి గదిది. ముసలాయన గదికి ఇంటి లోపలి నుంచి దారి ఉన్నా, దానికి ఆయనే లోగడియ వేసుకునేవాడు. హంతకుడు తిన్నె మీదుగా రావలసిందే. తిన్నె చివర కూర్చుని చూశాను. ముసలాయన మంచం తలగడ దాకా కనబడింది. ఓడిన మనిషి ఒక్కడు ఇక్కడ కూర్చుని ఉంటే హత్య జరిగేది కాదు.

పేకాట గది కిటికీ కూడా తిన్నె వైపే. రెక్క పట్టి లాగితే కీచుమంటూ మొండికేసింది. బందులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. ఆ తుప్పు మీద ఒకే ఒక్క గీత, కొత్తది, ఇనుము మెరుస్తోంది. ఏళ్ల తరబడి తెరిచే ఉన్న కిటికీని ఈ మధ్య ఒక్కసారే మూశారు.

వంటింట్లో చెంగయ్య చిన్న మూట కట్టుకుంటున్నాడు. చిత్తూరు ప్రయాణం కదా.

"చెంగయ్యా, ఆట ఆడేటప్పుడు నీ పనేంది?"

"మజ్జిగ సామీ. ముక్కలు కలిపే సద్దు వినపడతానే లోటాలు పెట్టి మజ్జిగ చిలుకుతాను. ఎవురన్నా లేసి తిన్నె మీదికి వస్తే ఎత్తకపోయి ఇస్తాను."

"పిలిస్తే ఇస్తావా?"

"పిలిచేదేంది సామీ. రెండేండ్లుగా ఇదే పని. సద్దు వింటే చేతులు వాటంతట అవే పోతాయి."

"ఆదివారం ఆఖరి ఆటకు?"

అతని చేతులు మూట మీద ఆగిపోయాయి. "ఆ పొద్దూ పెట్టినాను" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. అబద్ధం చెప్పేవాణ్ణి ఎక్కువ మాట్లాడనిస్తే దిద్దుకుంటాడు.

వీధిలో గుర్రం గిట్టల చప్పుడు వినిపించింది. సుందరరాజు దిగాడు. మేమిద్దరం ఒకే ఏడు పోలీసులో చేరాం. అతను పైకి పోయాడు, నేను బయటికి వచ్చాను. అతని సిగ్గులేనితనానికి మురిసిపోవాలి. బాషాను రైలుకు తీసుకుపోవడానికి బాషా జట్కానే పట్టుకొచ్చాడు. కళ్లేలు కానిస్టేబుల్ చేతిలో ఉన్నాయి. బాషా వెనక కూర్చుని, బేడీల చేతులు ఒళ్లో పెట్టుకుని, తన గుర్రాన్ని ఎవడో తోలడం చూస్తున్నాడు. జట్కా వెనకే గౌసియా బీ నడిచి వచ్చింది.

"ఏమప్పా ఆదిమూలం, పరామర్శకా? గోవిందయ్యా, మా సాక్షిని పిలువు. రైలుకు టయిమయితాండాది."

"రైలు ఎక్కేముందు ఒక్క ఆట పేకాడదాం సుందరరాజూ."

పేకాట మాట వినగానే, గడపలోకి వచ్చిన గోవిందయ్య ముఖం మాడిపోయింది. "మైల ఇంట్లో పేకాటా? మాయన్న పోయి వారం కూడా కాలేదు. మీకు బుద్ధేమన్నా ఉండాదా?"

"మీ అన్న కోసమే ఆడేది" అన్నాను.

సుందరరాజు పకపకా నవ్వాడు. "నీకు పని లేకపోతే పేకాడుకో. నాకు ఉండాది. దొంగసొత్తు దొరికె. కండ్లారా సూసిన సాక్షి ఉండాడు. ఇంకేం కావాల?"

"వెండి డబ్బీ కోసం మనిషిని చంపి, దాన్ని ఉలవల సంచిలో పెట్టుకుని, పారిపోకుండా నీ కోసం అక్కడే కూర్చున్నాడా? గుర్రానికి నీళ్లు పట్టుకు రమ్మని తనను పంపించింది చెంగయ్యేనని బాషా మొదటి రోజే చెప్పాడు. అది రాసుకున్నావా?"

"దొంగ చెప్పేదంతా రాస్తే కాగితాలు చాలవు."

"సరే. ఒక్క ఆట. నా మాట తప్పయితే ఈ రోజే నా బోర్డు పీకేసి, నీ స్టేషన్లో రైటరుగా చేరతాను. జీవితాంతం నీ కింద."

నా నోట ఆ మాట వస్తుందని నేను కూడా అనుకోలేదు. కానీ అతని కళ్లు మెరిశాయి. నన్ను తన కింద రైటరుగా చూసుకోవడం కంటే సుందరరాజుకు ప్రమోషను కూడా తీపి కాదు. వాచీ చూసుకున్నాడు. "బిరీన కానీ" అన్నాడు.

*

సుబ్బన్న, బడే సాహెబ్, తిరువేంగడం తమ తమ చోట్ల కూర్చున్నారు. గోవిందయ్య చోట నేను కూర్చున్నాను. గోవిందయ్యనూ సుందరరాజునూ గోడవారగా నిలబెట్టాను. చెంగయ్య వంటింట్లోనే ఉన్నాడు. అతనికి ఈ ఆట సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పనివ్వలేదు.

"ఆదివారం చివరి ఆటలో మొదట మీకు వచ్చిన ముక్కలు గుర్తున్నంతవరకు ఏరుకోండి" అన్నాను. సుబ్బన్న రెండు ఏడ్లు తీశాడు. వైద్యుడు చిన్న జత తీశాడు. సాహెబుకు వరసకు ఒక ముక్క తక్కువ. నేను రెండు ఆసులూ రెండు పదులూ ఏరుకున్నాను. మిగతా పేకను గలగలా చప్పుడయ్యేలా కలిపాను. ఎప్పుడూ ఆడేటప్పుడు ఆలోచించినట్టే ఆలోచించి ఆడమని ముగ్గురికీ చెప్పాను.

"ఇప్పుడు నేను గోవిందయ్య రోజూ చేసే పని చేస్తున్నాను" అని, నా ముందున్న చింతగింజలన్నీ రెండు చేతులతో నడిమికి తోశాను.

బడే సాహెబ్ తల అడ్డంగా ఊపాడు. "నా వల్ల కాదబ్బా" అని ముక్కలు పారేశాడు. వైద్యుడు ఆ వెంటనే పారేశాడు. సుబ్బన్న రెండు ఏడ్లనూ ఒకసారి జాలిగా చూసుకుని, "చెప్పినా గదప్పా" అని పడేశాడు. ఎవరూ ఏమీ అనకుండానే ముగ్గురూ లేచి, పైగుడ్డలు దులుపుకుని, తిన్నె మీదికి పోయి కూర్చున్నారు. అలవాటు అంత గట్టిది.

"సాహెబ్‌గారూ" అని ఇక్కడి నుంచే కేకేశాను. "మీకు ఎదురుగా ఏం కనబడుతోంది?"

బడే సాహెబ్ తల తిప్పాడు. "మునిరామయ్య మంచం" అన్నాడు. "ఎప్పుడూ ఈడనే కూచుంటాను. ఆయన ఆడ పండుకోని నన్ను ఎగతాళి సేస్తాడు."

సుందరరాజు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, కానీ ఆ నవ్వు పలచబడింది. "అయితే ఏందిప్పుడు? ఆ పొద్దు గోవిందయ్య పెంచలేదు. ఆయన ఇష్టం."

"పెంచితే ఈ ముగ్గురూ తిన్నె మీద ఉంటారు. పెంచకపోతే అందరూ లోపలే ఉంటారు. అతనికి కావలసింది తిన్నె ఖాళీగా ఉండడం. కిటికీ మూయించాడు. అదే సైగ. ఆ తర్వాత ముక్కలు ఎత్తి చూసుకుంటే రెండు ఆసులూ రెండు పదులూ. పాపం, మంచి ముక్కలు రావడమే అతని ఖర్మ. చెత్త ముక్కలు వచ్చి ఊరుకుని ఉంటే ఎవడికీ అనుమానం రాదు. ఈ చేతితో ఊరుకున్నాడు, ఓడిపోయాడు. ఓడినవాడు ముక్కలు చూపించకుండా పారేసినా బాగుండేది. పందెం మీద ఆశ చావక తిప్పి చూపించాడు."

"ఇదంతా ఉత్త కత" అన్నాడు గోవిందయ్య. "పేకముక్కలు సూపించి ఉరెయ్యమంటావా?"

అతను అన్నది నిజమే. అంతవరకు నా దగ్గర ఉన్నది కథే. కానీ నేను ఎదురుచూస్తున్నది అతని మాట కాదు. నా చెవులు వంటింటి వైపు ఉన్నాయి.

అప్పుడు వచ్చాడు చెంగయ్య. చేతిలో పళ్లెం, పళ్లెంలో లోటాలు, లోటాల నిండా నురుగు తేలే మజ్జిగ. పేక కలిపిన చప్పుడు విని చిలికాడు, మనుషులు లేచిన చప్పుడు విని తెచ్చాడు. చిత్తూరు ప్రయాణానికి చొక్కా తొడుక్కుని కూడా, ఎవరూ పిలవకుండానే, పక్క సందులోంచి తిన్నె ఎక్కి ముగ్గురికీ ఇచ్చాడు. సుబ్బన్న లోటా అందుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఆదివారం ఆట ముగిసినాక దాహమని బయటికి వస్తిమి" అన్నాడు నెమ్మదిగా. "మజ్జిగ లేదు. కేకేస్తే కూడా రాలేదు. ఆమైన చెమటలు కార్సుకుంటా వీధి పక్క నుంచి వచ్చి, బాషా పరిగెత్తినాడని అరిస్తివి. అవునా కాదా చెంగయ్యా?"

నేను తిన్నె మీదికి వచ్చాను. నా చేతిలో ఉన్నది పచ్చి కుండే, పగలకముందే పని కావాలి. నా దగ్గర ఉన్నదంతా ఒకేసారి నడిమికి తోసేశాను.

"రెండేళ్లుగా పిలవకుండా మజ్జిగ ఇచ్చే చేతులు ఆ ఒక్క ఆటకు ఎందుకు చిలకలేదు? ఎవరూ లేవరని నీకు ముందే తెలుసు. ఆ సంగతి దేవుడికీ ముక్కలు పట్టుకున్నవాడికీ తప్ప ఎవరికీ తెలియదు. నీకు ఎవరు చెప్పారు చెంగయ్యా? కిటికీ మూయమన్నవాడేనా?"

చెంగయ్య నన్ను చూడలేదు. గడపలో నిలబడ్డ గోవిందయ్యను చూశాడు.

"ఊరకుండు" అన్నాడు గోవిందయ్య.

ఆ ఒక్క మాటే అతన్ని ముంచింది. చెంగయ్య చేతిలోంచి పళ్లెం జారిపోయింది. "ఎవురినీ లేవనీనని సెప్పితివి గదప్పా" అన్నాడు. "కిటికీ మూసినాక ఆట ముగిసేదాకా ఒక్క పురుగు బయటికి రాదంటివి. మామిడి తోపు ఇస్తానంటివి. డబ్బీ ఉలవల్లో పెట్టమంటివి. ఇప్పుడు ఊరకుండమంటాండావు."

గౌసియా బీ జట్కా దగ్గరికి పోయి, కొడుకు బేడీల చేతులు రెండూ పట్టుకుని, అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు వింటుంటే నా గుండె పొంగిపోయింది. దాచుకోవడం ఎందుకు, నా జన్మలో అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. సుందరరాజు ముఖం చూస్తే ఆ సంతోషం ఇంకా పెరిగింది.

అతను మాత్రం ఒక మంచి పని చేశాడు. వాదించలేదు. గోవిందయ్య రెక్క పట్టుకుని కానిస్టేబుల్ చేతికి అప్పగించాడు. "ఎందుకు చేసినావయ్యా?" అన్నాడు.

ఊళ్లో ఆరా తీసి తెలుసుకున్న కారణం నేను చెప్పాను. మునిరామయ్యగారికి పిల్లలు లేరు. ఏర్పేడులో ఉన్న దూరపు బంధువు గురవమ్మ కొడుకును వచ్చే వారమే దత్తత తీసుకోవలసింది. దత్తత జరిగితే తమ్ముడికి ఈ ఇల్లూ తోపులూ దక్కవు.

గోవిందయ్య అప్పుడు నవ్వాడు. ఓడిపోయిన మనిషి నవ్వు కాదది.

"మాయన్న నోటి మాటగా నలుగురి ముందర ఒప్పుకున్నాడంట. ఆ పిల్లోడు ఉండేదాకా గురవమ్మ కోర్టుకు పోతానే ఉంటాది" అన్నాడు. "నువ్వు బాగానే పెంచినావు ఆదిమూలం. కానీ నేను ముక్కలు మార్సుకున్నాక పెంచినావు."

చెంగయ్య నా కాళ్ల మీద పడ్డాడు. "సామీ, పొద్దున బస్సులో కజ్జికాయలు పంపించినాము. గురవమ్మకని చెప్పి. నా చేతులతోనే చేసినాను. పూర్ణంలో ఉమ్మెత్త కలపమన్నాడు. ముసిలాయన్ను సంపిన పాపం నాదే, ఉరెయ్యండి. ఆ బిడ్డను మాత్రం కాపాడండి."

తిరువేంగడం అప్పటికే లేచి నిలబడ్డాడు. "తిన్న వెంటనే నేను చూస్తే బతికించొచ్చు. ఆలస్యమైతే నా వల్ల కాదు" అన్నాడు.

సుందరరాజుకు మోటారు లేదు. పెట్రోలు దొరకని రోజులు. ఏర్పేడు పోయేది కూడా బొగ్గు బస్సే. రేణిగుంటలో ఆగి బొగ్గు నింపుకోవాలి, ఎత్తు వస్తే మూలగాలి. పొద్దున బయలుదేరినా అది ఇంకా దారిలోనే ఉండవచ్చు. ఉండకపోవచ్చు కూడా.

అందరం ఒకేసారి జట్కా వైపు చూశాం. ఊళ్లో ఆ గుర్రాన్ని మించినది లేదు. అది ఒక్క మనిషి మాటే వింటుంది.

బాషా కిందికి దిగాడు. నాలుగు రోజులుగా తన మాట వినని ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చి, రెండు చేతులూ చాచాడు.

"ముందు ఇవి తియ్యండి సార్. కళ్లేలు పట్టుకోవాల."

సుందరరాజు తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాడు. బేడీలు రాలి తిన్నె రాళ్ల మీద పడ్డాయి. బాషా ఒక్క దూకులో ముందు ఎక్కి, గుర్రం మెడ మీద చెయ్యి వేసి ఉర్దూలో ఏదో చెప్పాడు. వైద్యుడు ఎక్కాడు, నేను ఎక్కాను. నా పక్కన చోటు చూసుకుని, టోపీ ఒళ్లో పెట్టుకుని, సుందరరాజు కూడా ఎక్కి కూర్చున్నాడు.